ఊరికి దూరంగా, చిన్నపిల్లలతో బతుకమ్మ నుంచి కార్తీక పౌర్ణమి దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో డాలస్ పరిసరాల్లో మేము పదకొండేళ్లుగా ఉంటున్నాము. మా పెద్దమ్మాయికి ఎనిమిదేళ్లు, చిన్నవాడికి నాలుగేళ్లు. మా అమ్మానాన్నలు తెనాలిలో, మా అత్తమ్మ, మామయ్య కరీంనగర్‌లో ఉంటారు. వినాయక చవితి వెళ్లిన నాటి నుంచి కార్తీకం ముగిసేదాకా, కొత్తగా తల్లిదండ్రులైనవాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు ఒకేలా ఉంటాయి. అందువల్ల మేము చేసి చూసి తెలుసుకున్న సంగతులను ఇక్కడ ఒకచోట చేర్చాము.

ఇన్ని పండుగలు వరసగా వస్తాయి. ఇద్దరమూ ఉద్యోగాలకు వెళుతూ అన్నీ చేయడం సాధ్యమేనా?

సాధ్యం కాదు, అవసరమూ లేదు. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెడితే సద్దుల బతుకమ్మ, దసరా, అట్లతద్ది, నరక చతుర్దశి, దీపావళి, నాగుల చవితి, కార్తీక సోమవారాలు, కార్తీక పౌర్ణమి అన్నీ రెండు నెలల్లోపే వచ్చిపోతాయి. ఊళ్లో ఇవన్నీ జరుగుతున్నాయంటే అక్కడ ఒక్కరు చేయడం లేదు. పిండి కలిపేది ఒకరు, పూలు తెచ్చేది ఇంకొకరు, పిల్లలను ఆడించేది మరొకరు. ఆ నలుగురి పనిని ఇద్దరు మీద వేసుకుంటే పండుగనాటికి ఇంట్లో విసుగు తప్ప ఏమీ మిగలదు, పిల్లలకు గుర్తుండేది కూడా ఆ విసుగే.

మేము సద్దుల బతుకమ్మ, దసరా, దీపావళి, ఈ మూడింటిని నిండుగా చేస్తాము. అట్లతద్దికి గోరింటాకు, ఊయల మాత్రమే ఉంటాయి. నాగుల చవితికి చిమ్మిలి ఉండలు చేసి పూజలో పెడతాము. ఏవి ఎంచుకున్నా వాటిని కనీసం మూడేళ్లు మార్చకండి. ఎంచుకున్న ప్రతి పండుగలోనూ పిల్లల చేతికి ఒక ఖాయమైన పని ఇవ్వండి. ఊళ్లో అయితే పిన్నో మేనత్తో పిలిచి "ఈ ప్రమిదలు తుడిచిపెట్టు తల్లీ" అని పని చెబుతారు, పిల్ల తనకు తెలియకుండానే పండుగలో కలిసిపోతుంది. ఇక్కడ అలా పిలిచేవాళ్లు లేరు కాబట్టి ఆ పనిని మనమే ముందుగా ఆలోచించి ఇవ్వాలి. మా ఇంట్లో ప్రమిదల్లో వత్తులు వేసేది చిన్నవాడే. నిరుడు వాడు నిద్రపోతుంటే తొందరలో నేను వేసేస్తే, లేచాక అన్నీ తీయించి మళ్లీ తనే వేశాడు.

ఇండియాలో పండుగ ఒక రోజు, ఇక్కడి గుడిలో ఒక రోజు అంటున్నారు. ఏది సరైనది?

తిథి సూర్యచంద్రుల మధ్య ఉండే దూరాన్ని బట్టి ఏర్పడుతుంది కనుక అది లోకమంతటా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. మారేవి మన గడియారమూ, మన సూర్యోదయ సూర్యాస్తమయాలూ మాత్రమే. దీపావళికి సూర్యాస్తమయం తరువాతి వేళలో అమావాస్య ఉండాలి. ఆ వేళ విజయవాడలో ఒక తేదీన, డాలస్‌లో మరొక తేదీన కుదరవచ్చు. కాబట్టి సరుకుల కొట్టులో ఇచ్చే ఇండియా క్యాలెండరును కాకుండా, మీ నగరానికి గుణించిన పంచాంగాన్ని లేదా మీ దగ్గరి గుడి తేదీలను చూసుకోండి. 2026లో దీపావళి నవంబరు 8, ఆదివారం నాడు వచ్చింది కనుక పనిరోజు ఇబ్బంది లేదు. పనిరోజున పడిన పండుగకు మేము తిథినాడు దీపం, నైవేద్యం ఇంట్లోనే కానిచ్చి, నలుగురిని పిలవడం శనివారానికి పెట్టుకుంటాము. శనివారానికి పండుగే మార్చేయడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే, అమ్మమ్మ ఇంట్లో దీపాలు వెలిగిన రోజునే తమ ఇంట్లోనూ వెలిగాయని పిల్లలకు తెలియడం పెద్ద సంగతి.

తంగేడు, గునుగు దొరకని చోట బతుకమ్మను ఎలా పేర్చాలి?

గునుగు విషయంలో ఒక మంచి మాట చెప్పాలి. ఇక్కడి నర్సరీల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అమ్మే సెలోషియా మొక్కలు గునుగు జాతివే. కొన్ని రకాల కంకులు అచ్చంగా గునుగులాగే ఉంటాయి, మరికొన్ని మన సీతమ్మజడ పూలలా ముడతలు పడి ఉంటాయి. తంగేడుకు మాత్రం సరిజోడు లేదు. పసుపు వరుస కోసం మేము గోల్డెన్‌రాడ్ అనే పూల గుత్తులను వాడుతున్నాము, ఇవి ఈ నెలల్లోనే పూస్తాయి. పార్కుల్లో పూలు కోయడం నిషిద్ధం కనుక పూలకొట్టులో కొనండి, లేదా స్థలం సొంతదారును అడిగి కోసుకోండి. చామంతులు శరత్కాలంలో ఇక్కడ ప్రతి సరుకుల కొట్టు ముందూ కుండీలతో ఉంటాయి. బంతి విత్తనాలను మే నెలలో పెరట్లో చల్లితే మంచు పడేదాకా పూస్తూనే ఉంటుంది, డాలస్‌లో మొదటి గట్టి మంచు సాధారణంగా నవంబరులో గాని రాదు. ఉత్తరాదిన ఉండేవాళ్లకు అక్టోబరులోనే చలి పట్టుకుంటుంది కాబట్టి వాళ్లు బంతిని కుండీల్లో పెంచి రాత్రుళ్లు లోపల పెట్టుకోవలసి ఉంటుంది. మే నెలలో పిల్లలు తమ చేత్తో చల్లిన గింజలే బతుకమ్మలోకి వస్తే, వాళ్లకు ఆ పండుగ ఐదు నెలల ముందే మొదలైనట్టు.

తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి పేర్చడం ఆనవాయితీ. అవి లేకపోతే కూరగాయల కొట్టులో దొరికే వెడల్పాటి ఆకుకూర ఏదైనా సరిపోతుంది. చిన్నపిల్లలు ఓపికగా నాలుగు వరుసల కంటే ఎక్కువ పేర్చలేరు కనుక వాళ్లకు చిన్న పళ్లెంలో వేరే పిల్ల బతుకమ్మను ఇవ్వండి. పెద్ద బతుకమ్మ పక్కన పిల్ల బతుకమ్మను పెట్టడం మన దగ్గర ఎలాగూ ఉన్నదే. పైన పెట్టే గౌరమ్మను పసుపుతో పిల్లల చేతే చేయించండి.

నిమజ్జనానికి ఊరి చెరువు లేదు. ఇక్కడి చెరువుల్లో, సరస్సుల్లో పూలు వదలాలంటే స్థానిక పార్కుల శాఖ అనుమతి ఉండాలి. సంఘాలు జరిపే పెద్ద బతుకమ్మలకు నిర్వాహకులు ఆ అనుమతిని తీసుకుంటారు. ఇంట్లో అయితే పెరట్లో పెద్ద తొట్టెలో నీళ్లు పోసి అందులో ఓలలాడించి, మర్నాడు ఆ పూలనూ నీళ్లనూ బంతి మడిలోనే పోస్తాము.

తొమ్మిది రోజులూ తొమ్మిది నైవేద్యాలు పెట్టాలా?

ఓపిక ఉంటే సంతోషమే. లేకపోతే మొదటి రోజు నువ్వులూ బియ్యమూ, చివరి రోజు సద్దులూ చేసుకుని, మిగతా రోజుల పేర్లు పిల్లలకు చెప్పండి. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ అని తిండి పేర్లతోనే రోజులు ఉంటాయి కనుక పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ కాబట్టి ఆనాడు నైవేద్యమే ఉండదు, "ఎందుకు అలిగింది" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవడం మాత్రం మరిచిపోకండి. చివరి రోజు మలీద ముద్దలను పిల్లలు తామే చేయగలరు. వేడి చపాతీలను తుంచి, బెల్లం తురుము, నెయ్యి కలిపి గట్టిగా ముద్ద కట్టడమే దాని పని.

అమ్మమ్మా నాయనమ్మలతో వీడియోలో మాట్లాడమంటే పిల్లలు రెండు నిమిషాలు కూడా కూర్చోవడం లేదు. ఏం చేయాలి?

మాకూ చాలాకాలం అదే జరిగింది. పండుగ అంతా అయ్యాక పిల్లలకు కొత్త బట్టలు తొడిగి ఫోను ముందు నిలబెట్టి "నమస్కారం చెప్పు, ఏం తిన్నావో చెప్పు" అనేవాళ్లం. అవతల పెద్దవాళ్లు చూస్తూ ఉండేవారు, ఇవతల పిల్లలు మెలికలు తిరిగేవారు. తరువాత అర్థమైంది, అమ్మమ్మకు కావలసింది చూడటం కాదని, నేర్పడమని. ఇప్పుడు పని మొదలుపెట్టేటప్పుడే ఫోను చేస్తున్నాము.

గత ఏడాది సద్దుల బతుకమ్మనాడు ఉదయం అటుకుల డబ్బాకు ఫోను ఆనించి, మా అమ్మాయి పసుపు ముద్దను ముందు పెట్టుకుని కూర్చుంది. కరీంనగర్‌లో రాత్రి ఎనిమిదిన్నర అయింది, మా అత్తమ్మ అప్పుడే బతుకమ్మ ఆడి వచ్చి కూర్చున్నారు. "నీళ్లు ఎక్కువైనయి బిడ్డా, ఇంకింత పసుపు వెయ్యి" అన్నారు. అమ్మాయి వేసింది. ముద్ద బిగిసింది, కొస తేలింది, కాని నిలబెడితే పక్కకు ఒరిగింది. "అడుగున బొటనవేలుతో ఒత్తు, పీట లెక్క చెయ్యి" అన్నారు. మూడోసారికి గౌరమ్మ నిలబడింది. కుంకుమ బొట్టు పెట్టాక ఆమె ఫోనుకు దగ్గరగా వచ్చి, ఏమీ అనకుండా చాలాసేపు చూశారు. ఆ రోజు ఫోను నలభై నిమిషాలు నడిచింది, అమ్మాయి ఒక్కసారి కూడా లేవలేదు.

కాబట్టి పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కొక్క బాధ్యత అప్పగించండి. మా ఇంట్లో గౌరమ్మ నాయనమ్మది, చలిమిడి అమ్మమ్మది, నరకాసురుడి కథ తెనాలి తాతయ్యది. తాతయ్య ఏటా కథలో ఏదో ఒకటి మారుస్తారు, పిల్లలు ఏటా పట్టుకుంటారు.

ఏ వేళకు ఫోను చేస్తే ఇద్దరికీ కుదురుతుంది?

నవంబరు మొదటి ఆదివారం వరకు ఇండియా డాలస్‌కంటే పదిన్నర గంటలు, న్యూయార్క్‌కంటే తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. ఆ ఆదివారం ఇక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి కనుక ఆ తేడాకు మరో గంట కలుస్తుంది. ఈ సంగతి మరిచిపోయి అత్తగారిని గంటసేపు ఎదురుచూసేలా చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. 2026 దీపావళినాటికి గడియారాలు మారిపోయి ఉంటాయి. తెనాలిలో సాయంత్రం ఆరింటికి దీపాలు పెట్టేసరికి డాలస్‌లో ఉదయం ఆరున్నర అవుతుంది. పిల్లలను ఆ ఒక్కరోజు తొందరగా లేపి, తలంట్లకు ముందే అక్కడి దీపాలను చూపించండి.

దసరాకు జమ్మి ఆకు, పాలపిట్ట ఎక్కడి నుంచి తేవాలి?

ఇండియా నుంచి వచ్చేవాళ్ల చేత జమ్మి ఆకు తెప్పించుకోవద్దు. తాజా ఆకులను, మొక్కలను చెప్పకుండా సామానులో పెట్టుకుని రావడం ఇక్కడి నిబంధనలకు విరుద్ధం, జరిమానా పడుతుంది. టెక్సాస్‌లో, అరిజోనాలో ఉన్నవాళ్లు మెస్కీట్ చెట్టును చూసే ఉంటారు. అది జమ్మికి దగ్గరి చుట్టం, ఆకు తీరు, ముళ్లు, కాయలు కూడా పోలి ఉంటాయి. మేము తెలిసినవాళ్ల స్థలంలో ఉన్న మెస్కీట్ దగ్గర శమీ శ్లోకం చదువుకుని, నాలుగు రెమ్మలు తెచ్చుకుని, వాటినే బంగారంగా పంచుకుంటాము. అది జమ్మి కాదని, జమ్మి చుట్టమని పిల్లలకు చెబుతాము. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు కథ ఎలాగూ చెప్పాలి కదా.

బంగారం పెట్టి పెద్దల కాళ్లకు దణ్ణం పెట్టడం తెలంగాణ దసరాలో ముఖ్యమైన ఘట్టం. తాతలు దగ్గర లేరు కనుక మేము మా వీధిలో కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఒక వృద్ధ దంపతుల ఇంటికి పిల్లలను తీసుకువెళతాము. వాళ్ల మనుమలు వేరే ఊళ్లో ఉన్నారు. ఆ పూట వాళ్లు మా పిల్లల కోసం గుమ్మంలోనే కూర్చుని ఉంటారు.

పాలపిట్ట ఇక్కడ లేదు. దాని ఫోటో చూపించండి, ఇక్కడి నీలి పిట్టలను పిల్లల చేత వెతికించండి, కాని దీన్నే అది అని మాత్రం చెప్పకండి.

నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజున బెజవాడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారిని సరస్వతిగా అలంకరిస్తారు. ఆ రోజు పిల్లల పుస్తకాలు, రంగు పెన్సిళ్లు పూజలో పెట్టించడానికి ఏ కష్టమూ లేదు. ఆయుధ పూజనాడు మావాడి మూడు చక్రాల సైకిలుకు పసుపు, కుంకుమ, ఒక బంతి పువ్వు తప్పనిసరి.

పండుగనాడు పిల్లలను బడి మాన్పించవచ్చా?

టెక్సాస్ చట్టం ప్రకారం మతపరమైన పర్వదినం జరుపుకోవడానికి విద్యార్థి బడికి రాకపోతే ఆ గైర్హాజరును బడి మన్నించాలి. ముందుగా రాతపూర్వకంగా తెలియజేస్తే చాలు. ఇతర రాష్ట్రాల్లో నియమాలు వేరుగా ఉండవచ్చు కనుక బడి కార్యాలయాన్ని అడగండి. న్యూయార్క్ నగరంలోని ప్రభుత్వ బడులకు 2024 నుంచి దీపావళి సెలవు ఉంది. అన్ని పండుగలకూ మాన్పించకుండా, ఏడాదికి ఒక రోజును అలా కేటాయించుకుంటే పిల్లలు ఆ రోజు కోసం ఎదురుచూస్తారు.

తరగతిలో పంచడానికి ఏ మిఠాయి పంపవచ్చు?

ముందు టీచరును అడగకుండా ఏదీ పంపవద్దు. వేరుశనగ, జీడిపప్పు, బాదం చాలా బడుల్లో నిషిద్ధం. నువ్వులను కూడా 2023 నుంచి అమెరికాలో ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో చేర్చారు కాబట్టి చిమ్మిలి, నువ్వుల ఉండలు ఇంటికే పరిమితం. తినేదానికి బదులు మట్టి ప్రమిదలు, రంగులు పంపితే తరగతి పిల్లలందరూ వేసుకుని ఇళ్లకు తీసుకుపోతారు. ఇంట్లో కూడా నాలుగేళ్లలోపు పిల్లలకు పప్పుబెల్లాలలోని పుట్నాల పప్పును, పల్లీలను అలాగే నోట్లో వేయనివ్వకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. పొడి చేసి బెల్లంతో కలిపి పెట్టండి.

అట్లతద్దికి పసిపిల్లలకు గోరింటాకు పెట్టవచ్చా?

ఆకు రుబ్బినదైతే, లేదా కల్తీ లేని గోరింటాకు పొడి అయితే కాస్త ఎదిగిన పిల్లలకు పెట్టవచ్చు. నల్లగా పండుతుందని అమ్మే కోన్లు మాత్రం ముట్టుకోవద్దు. వాటిలో జుట్టు రంగుల్లో వాడే రసాయనం ఉండి చర్మం బొబ్బలెక్కుతుంది. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే, ఎర్ర రక్తకణాలకు సంబంధించిన ఒక లోపం) ఉన్న పసిపిల్లలకు అసలైన గోరింటాకు కూడా హాని చేస్తుంది కనుక నెలల పిల్లలకు పెట్టకపోవడమే మేలు. తెల్లవారుజామున లేచి చద్దన్నం తిని ఊయలలూగే ముచ్చటను మాత్రం వదులుకోకండి. మేము చీకటితోనే పెరుగన్నం, గోంగూర పచ్చడి తిని, తెల్లారాక వీధి చివరి పార్కులో ఊయల దగ్గరికి వెళతాము.

దీపావళికి టపాసులు కాల్చవచ్చా? పిల్లలకు ఏం చేయించాలి?

ఇది ఉన్న ఊరిని బట్టి ఉంటుంది. మసాచుసెట్స్‌లో కాకరపువ్వొత్తులతో సహా అన్నీ నిషిద్ధం. డాలస్ నగర పరిధిలోనూ టపాసులు కాల్చకూడదు. అపార్టుమెంటులో ఉంటే అద్దె ఒప్పందంలో బాల్కనీలో నిప్పు గురించి ఏం రాశారో చదవండి. ఒక ఏడాది మేము వంటింట్లో ఒకేసారి ఇరవై నూనె దీపాలు వెలిగించి, పొగ అలారం మోగి, అంతస్తులో ఉన్నవాళ్లందరినీ చలిలో బయట నిలబెట్టాము. ఇప్పుడు లోపల ఐదు ప్రమిదలు, అవీ నీళ్లు పోసిన ఇత్తడి పళ్లెంలో. మిగతావి బ్యాటరీ దీపాలు.

అనుమతి ఉన్న చోట కూడా ఐదేళ్లలోపు పిల్లల చేతికి కాకరపువ్వొత్తి ఇవ్వవద్దు. దాని కొస వేడి సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. చూడటానికి పువ్వులా ఉంటుంది కనుక పిల్లలు భయపడరు, అదే ప్రమాదం. నూలు బట్టలు, మూసిన చెప్పులు, పక్కన నిండు బకెట్ తప్పనిసరి. కాలిన తీగలను ఆ బకెట్లోనే వేయించండి.

చిన్నపిల్లలకు దివిటీలు చక్కగా సరిపోతాయి. మా తెనాలి వైపు గోగు కాడలకు నూనెలో తడిపిన గుడ్డ వత్తులు చుట్టి, వెలిగించి, పిల్లలు దీపావళినీ రాబోయే నాగుల చవితినీ కలిపి పిలుస్తూ వాటిని నేలకు కొడతారు. తరువాత కాళ్లు కడుక్కుని, లోపలికి వచ్చి తీపి తింటారు. గోగు కాడలు లేవు కనుక మేము పచ్చి చెరకు ముక్కలకు వత్తులు కట్టి, పిల్లవాడి చేతి మీద నా చెయ్యి వేసి పట్టుకుని, మా ఇంటి ముందరి సిమెంటు నేల మీద మూడుసార్లు కొట్టి బకెట్లో ఆర్పేస్తాము. మొత్తం ఒక నిమిషం పని. ముందుగా పొరుగువాళ్లకు చెప్పి ఉంచండి, వాళ్ల పిల్లలూ వస్తారు. నవంబరులో ఇక్కడ సాయంత్రం ఐదున్నరకే పొద్దుగూకుతుంది కాబట్టి పిల్లల నిద్రవేళకు ముందే అంతా అయిపోతుంది.

హాలోవీన్ కూడా ఇదే సమయంలో వస్తుంది. వద్దనాలా?

మేము వద్దనలేదు. అక్టోబరు 31 సాయంత్రం వీధిలో పిల్లలందరూ వేషాలు వేసుకుని వస్తుంటే మన పిల్లలను తలుపు వెనక ఉంచడం సరికాదు. పోటీ పెట్టకుండా రెంటికీ చోటివ్వండి. ఆ రోజు ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు తెచ్చుకున్నవాళ్లే, దీపావళినాడు అవే ఇళ్లకు మా పళ్లెం తీసుకువెళ్లి తీపి ఇచ్చి వస్తారు.

మా ఇంట్లో ఒకరిది ఆంధ్ర, ఒకరిది తెలంగాణ. పిల్లలకు ఏ పద్ధతి నేర్పాలి?

రెండూ నేర్పండి, ఏది ఎవరిదో చెప్పి మరీ నేర్పండి. "ఇది నాయనమ్మవాళ్ల బతుకమ్మ, ఇది అమ్మమ్మవాళ్ల అట్లతద్ది" అని చెబితే పండుగతోపాటు మనిషి, ఊరు కూడా గుర్తుంటాయి.

పండుగనాడు "తాతయ్య ఎందుకు రాలేదు" అని పిల్లలు ఏడిస్తే ఏం చెప్పాలి?

వెంటనే మాట మార్చకండి. "నాకూ వాళ్లు ఇక్కడుంటే బాగుండుననే ఉంది" అని చెప్పండి, అది నిజమే కదా. మేము పీటల వరుసలో ఒక పీట ఖాళీగా వేసి, దాని మీద తాతయ్య వేసుకునే ఉత్తరీయం మడిచిపెడతాము. భోజనం తరువాత పిల్లలు తాతయ్యకు ఒక బొమ్మ గీసి పోస్టులో పంపుతారు. అది చేరేసరికి కార్తీకం సగం అయిపోతుంది, ఆయన అప్పుడు ఫోను చేసి మళ్లీ పండుగంతా అడుగుతారు.

వీలైతే పెద్దవాళ్లు వచ్చే నెలలను మార్చి చూడండి. సందర్శక వీసాపై సాధారణంగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. మనవాళ్లు ఎక్కువగా ఎండాకాలంలో వచ్చి, చలికి భయపడి సెప్టెంబరులోనే వెళ్లిపోతారు, పండుగలన్నీ వాళ్లు వెళ్లాకే మొదలవుతాయి. జులైలో వచ్చి నవంబరు చివర వెళ్లేలా టికెట్లు తీసుకుంటే వినాయక చవితి నుంచి కార్తీక పౌర్ణమి దాకా అన్నీ కలిసి వస్తాయి.

కార్తీక వనభోజనాలు ఇక్కడ కుదురుతాయా?

చక్కగా కుదురుతాయి. 2026లో కార్తీక పౌర్ణమి నవంబరు 24, మంగళవారం. థాంక్స్‌గివింగ్ నవంబరు 26, గురువారం. టెక్సాస్‌లో చాలా బడులకు ఆ వారమంతా సెలవు. ఉసిరి చెట్టు ఉండదు, కాని కుండీలో చిన్న ఉసిరి మొక్క ఉన్నవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, దాన్ని కారులో పెట్టుకుని రమ్మనండి. లేదా ఉసిరికాయలు కొని వాటి మీద వత్తులు వెలిగించండి. గాలి వేస్తే దీపం నిలవదు కనుక లోతైన గిన్నె ఒకటి దగ్గర పెట్టుకోండి. పార్కులో బల్లలకు ముందే పేరు నమోదు చేయించాలి. పులిహోర, పప్పు, దోసకాయ పచ్చడి, పెరుగన్నం ఇంటికొకటి చొప్పున పంచుకోండి. విస్తరాకులు వేసి నీళ్లు చల్లే పనిని పిల్లలకు వదిలేయండి.